గేదెలవారి ఇంటి గుప్పెడు

అరటాకు పొట్లం విప్పగానే, బర్మాలో తాకేటా పేటలోని ఈ ఇరుకు గదంతా తాటిబెల్లం, కట్టెల పొగ, కొత్త బియ్యపు జిగురు కలిసిన వాసన నిండిపోయింది. నది అవతల ఉన్న మా ఊరి నుంచి మునగకాయలు అమ్ముకోవడానికి తొలి పడవలో వచ్చే అచ్చియ్యమ్మప్ప ఇప్పుడే దీన్ని నా చేతిలో పెట్టి, గంప దించుకుని గుమ్మంలో చతికిలబడింది. నిన్న సాయంత్రం వండిన పరమాన్నం చల్లారి గట్టిపడింది. నాకు తినాలంటే భయంగా ఉంది.

మా ఊరంటే వరిచేల మధ్య ఒకే ఒక్క వీధి. అహ్లోన్ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోయడానికి శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన ముత్తాతలు, నడుములు అరిగాక నది దాటి, కౌలు పొలాల గట్టున కర్రకాళ్ల మీద నిలబెట్టుకున్న ఇళ్లు. వానాకాలంలో ఆ ఇళ్ల కింద నీళ్లు చేరితే మెట్ల మీద కూర్చుని కాళ్ల మధ్య ఈదే చేపపిల్లలను చూసేవాళ్లం; ఎండాకాలంలో అదే చోట, బాతుల కంపు, ఎండుచేపల కంపు మధ్య, చింతపిక్కలు ఆడేవాళ్లం. బుగ్గలకు తనాకా గంధం పూసుకుని ఒక పేరుతో బర్మా బడికి వెళ్లి, సాయంత్రం ఇంకో పేరుతో ఇంటికి వచ్చేవాళ్లం.

ఇంటిపేర్లు వీధంతా వినిపించే రోజు మాత్రం ఒక్కటే, ఉగాది ముందు వచ్చే కొత్తమావాస్య. పొద్దువాలే వేళ వీధి మొదట్లో పరమాన్నానికి ఇత్తడి గుండిగ పొయ్యి మీద పెట్టి, ఊరిపెద్ద సింహాద్రి తాత ఒక్కో ఇంటినీ పిలిచేవాడు. ఆ ఇంటివాళ్లెవరో "ఉన్నాం!" అని అరిచి, పరుగున వచ్చి గుప్పెడు కొత్త బియ్యం గుండిగలో వేయాలి. మూడుసార్లు పిలిచినా పలకని ఇంటిని మరుసటి ఏడు పిలవరు. ఊళ్లో ఆ ఇల్లు లేనట్టే.

మా ఇంట్లో పిల్లనంటే నేనొక్కదాన్నే. రాసుకోవడం తప్ప మాట్లాడటం చేతకాని నేను ఆ రోజు పొద్దుటి నుంచే ఆ ఒక్క మాటా లోలోపల అనుకుంటూ తిరిగేదాన్ని. "గేదెలోలూ!" అని తాత పిలవగానే నోరు తెరిచేదాన్ని. గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

"గేదెలోలి దూడకి అరుపు రాదర్రా!" అని పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు.

తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఊరుకోండెహె. పలికింది. నాకినపడింది," అనేవాడు. బియ్యం వేస్తుంటే నా తల నిమిరేవాడు. ఆ చేతికి చుట్ట వాసన.

అమ్మానాన్నా పోయి, ఇల్లు కూలిపోయినా, ఆ ఒక్క సాయంత్రానికి ఏటా పడవెక్కేదాన్ని. ఈ ఏడు ఎక్కలేదు. బోటాటౌంగ్‌లో నేను పనిచేసే పాత పుస్తకాల కొట్టు యజమానురాలు అడిగితే సెలవు ఇచ్చే మనిషే. నిన్న ఆమె టీ తాగేటప్పుడు అడుగుదామనుకున్నాను. ఆమె తాగేసింది. అరలు దులుపుతూ, ఇప్పుడు, ఇంకాసేపట్లో అనుకుంటూనే పొద్దు వాలింది.

"అప్పా, తాత మా పేరు పిలిసినాడా?"

"పిలవకేటే. మూడు పాల్లూ పిలిసినాడు. ఒక్కలు కిక్కురుమన్లేదు."

"మరి?"

"మరేటి! సెవి కాడ సెయ్యెట్టుకుని రేవు ఏపు సూసినాడు. 'పలికింది. నాకినపడింది,' అనీసినాడు. గుంటలు నవ్వబోతే ఒక్క సూపు సూసినాడు, అంతే. మీ గుప్పెడూ ఆయనే ఏసినాడు. తినెహె, పులిసిపోద్ది. దానికి ఏడుపేటే?"

గంప నెత్తికెత్తుకుని, బర్మా భాషలో మునగకాయలని కేకలేస్తూ అప్ప మెట్లు దిగిపోయింది. ఆ వీధిలో ఇప్పుడు పిలవడానికి మిగిలిన పేర్లే కొన్ని. పలికే పిల్లలు కూడా "ఉన్నాం" అనరు, బర్మా భాషలో "షీడే" అంటారు. చింతపిక్కలు ఎవరూ ఆడరు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కొత్త బియ్యం, అంగిలికి అంటుకుంది. సింహాద్రి తాతకు నా చిన్నప్పుడే రెండు చెవులూ వినపడకుండా పోయాయి. నేను పలికానో లేదో ఆయనకు తెలిసే దారి లేదు. గుప్పెడు మూసుకుని వీధిలో నిలబడ్డ నన్ను చూసే ఆ మాట అనేవాడు.

నిన్న ఎవరిని చూసి అన్నాడు?