మావయ్య నేర్చుకున్న పాట

మొన్న జనగామలో మా మనవరాలి బళ్లో రాష్ట్ర గీతం మొదలవగానే అందరితో పాటు నేనూ లేచి నిలబడ్డాను. పిల్లలు హాయిగా పాడుతున్నారు. నా చూపు మాత్రం గేటు వైపు పోయింది. ఆ పాట చెవిన పడితే చాలు, తలుపు గడియ పెట్టానా లేదా అన్న ఆలోచన ముందు వస్తుంది.

రాష్ట్రం రాకముందు అది ఇంకా తెలంగాణ ఉద్యమంలో పాడే పాటే. మాది ఘనపూర్ దగ్గర పల్లె. మాది అనడానికి ఆ రోజుల్లో నోరు వచ్చేది కాదు. మా మావయ్య కృష్ణా జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని, ఇక్కడ నల్లరేగడి కొని, మిరప వేసి, నన్నూ తన దగ్గరే ఉంచుకుని, బతుకు మళ్లీ మొదలుపెట్టిన మనిషి. ఉద్యమం ఊపందుకున్నాక, ఆంధ్రావాళ్లను పంపించేస్తారట అని ఎవరో అన్న మాట మా ఇంట్లో తిష్ట వేసింది. పొమ్మంటే వెళ్లడానికి వెనక ఏమీ మిగల్లేదు, అదీ మా భయం. మా యాస బయటపడకూడదని అత్తయ్య సంతలో వేలితో చూపించి కూరగాయలు కొనేది. పాపం మూగదనుకుని ఒకావిడ వారం వారం గుప్పెడు కరివేపాకు ఊరికే వేసేది. ఆ కరివేపాకు పులుసులో వేసుకు తింటూ కూడా వణికాం.

మావయ్య ఇంకో ఉపాయం పన్నాడు. ఊరేగింపు ఇంటిమీదికొస్తే పాడి వినిపించవచ్చని, కిటికీలు మూసి ఆ పాట నేర్చుకోసాగాడు. ఆ ఏడు అదను వచ్చినా మిరప నారు ఇంకా పోయలేదు. పొలం అమ్మేస్తానని ఒకాయనతో అనేశాడు కూడా.

ఒక సాయంత్రం ఊరేగింపు మా గుమ్మం ముందే ఆగింది. అత్తయ్య నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగాయి. మావయ్య తలుపు తీసి, అరుగు మీద నిలబడి, ఎవరూ అడక్కముందే పాట ఎత్తుకున్నాడు. యాస అచ్చం మాదే. బయట అందరూ పాడటం ఆపేశారు. ముందు నడుస్తున్న మనిషి మెట్లెక్కి దగ్గరికి వచ్చాడు. అయిపోయింది మా పని అనుకున్నాను.

"ఏంది బాపూ, గింత మంచి గొంతు ఇంట్ల దాసుకున్నవా? పొద్దుగాల నుంచి మొత్తుకుని మా గొంతులు పోయినయ్. నడువు, ముందల నువ్వే పాడాలె!" అన్నాడు.

మావయ్య వెళ్లాడు. తిరిగొచ్చేదాకా మేమిద్దరం కూర్చోలేదు. వచ్చి, చెంబెడు నీళ్లు తాగి, అత్తయ్యతో అన్నాడు: "భయంకొద్దీ నేర్చుకున్నాను గానీ, మన ఊరొదిలి లారీ ఎక్కినప్పుడు నేననుకున్నదే ఆ పాటలోనూ ఉంది. మనదంటూ ఒక చోటు, మన చేత్తో మొదలెట్టుకునే బతుకు. వాళ్లడిగేదీ అదేగా."

"మరి వాళ్ల చోటులో మనం కూర్చున్నామా?" అంది అత్తయ్య.

తెల్లారి మావయ్య అమ్మకం మాట వెనక్కి తీసుకుని మిరప నారు పోశాడు. భయం పోలేదు, నారుమడికి నీళ్లు పెడుతూ కూడా రోడ్డు వైపే చూసేవాడు. నెల దాటగానే నారు ఎదిగొచ్చింది, తీసి చేలో నాటాం. మేము ఈ నేలలో వేళ్లూనుకునే రోజు మాత్రం ఎప్పుడో వచ్చి వెళ్లిందో, ఇంకా రావలసే ఉందో, రాష్ట్రం వచ్చి ఇంతకాలమైనా నాకు తెలియదు.