పారదీపు దాకా కనబడే కర్రలు

నా చిన్నప్పుడు మేము విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర, వలలు ఆరబెట్టుకునే ఇసుకను ఆనుకుని ఉన్న పేటలో ఉండేవాళ్ళం. అమ్మవారి పండగొస్తే మా నాన్న కర్రకాళ్ళు కట్టుకుని, ఇళ్ళ కప్పులకంటే ఎత్తుగా పేటంతా నడిచేవాడు. నాకూ సరుగుడు కర్రలతో ఒక చిన్న జత చేసి, పడకుండా నడవడం నేర్పాడు.

ఒక తుఫానుకు నాన్న వెళ్ళిన బోటు తిరిగి రాలేదు. కొన్నాళ్ళకు దాని పలకలు భీమిలి వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చాయట. ఆ సంగతి నా దగ్గర అందరూ దాచారు. "మీ నాన్న గాలికి ఒడిశా ఏపు ఎలిపోనాడమ్మా. పారదీపులో ఉన్నాడట. వచ్చేత్తాడు" అన్నారు. అలా కొట్టుకుపోయి తిరిగొచ్చినవాళ్ళు మా పేటలో ఉన్నారు కనుక నేను నమ్మాను. నా ఎదుట అమ్మ ఏడ్చేది కాదు. బొట్టు కూడా తియ్యలేదు.

బడి నుంచి రాగానే కర్రకాళ్ళెక్కి ఒడ్డున నిలబడేదాన్ని. ఎత్తునుంచి చూస్తే బోటు ముందుగా కనిపిస్తుందని నా ఆశ. నాన్నను కన్న తాతయ్య వచ్చి పక్కన కూర్చునేవాడు. వయసులో ఉండగా ఓడల్లో ఖలాసీగా పనిచేసినవాడు కనుక ఎన్నో దేశాల కబుర్లు తెలుసు. ఒకచోట బురద నేలల్లో గొర్రెల కాపరులు కర్రకాళ్ళ మీదే పొద్దంతా తిరిగి, దూరానున్న మందను కనిపెట్టుకునేవారట. చీనాలో పండగలకు వేషాలు కట్టి వాటిమీద ఆడతారట. ఆఫ్రికాలో ముసుగులేసుకుని నడిచే పొడుగు మనుషులు, ఊరి మీదికొచ్చే కీడును అందరికంటే ముందు చూస్తారని అక్కడివాళ్ళ నమ్మకమట. నేను సముద్రం మీంచి చూపు తిప్పకుండా వినేదాన్ని. నన్ను దిగమని చెప్పలేకే ఆ కబుర్లు చెబుతున్నాడని అప్పుడు తెలియలేదు.

ఒక సాయంత్రం నేనే అడిగాను. "తాతా, ఇయ్యి పొట్టిగున్నాయి. పారదీపు దాకా కనబడేలాగ పొడుగు కర్రలు సెయ్యవా?"

తాతయ్య ఇంట్లోకెళ్ళి కత్తి తెచ్చుకున్నాడు. పొడవాటి సరుగుడు వాసం ఒళ్ళో పెట్టుకుని చెక్కడం మొదలుపెట్టాడు. సగంలో చెయ్యి ఆగిపోయింది. కత్తి ఇసుకలో పెట్టి, నన్ను చంకల కింద పట్టుకుని దింపాడు.

"ఎంత ఎత్తెక్కినా మీ నాన్న అగుపడడమ్మా. ఆడు సచ్చిపోనాడు. పారదీపు మాట అబద్ధం. నానూ అబద్ధమే ఆడినాను. నా కొడుకు సచ్చిపోనాడు తల్లీ."

అమ్మ విని పరుగున వచ్చింది. "పసిదానికి ఎందుకు సెప్పినావు మావా!" అని అరిచింది.  అరుస్తూనే అమ్మ నన్ను పట్టుకుని ఇసుకలో కూలబడి, మొదటిసారి నా ముందు గొంతెత్తి ఏడ్చింది. ఆ రాత్రి అమ్మా నేనూ ఒకే చాప మీద, తాతయ్య గుమ్మం దగ్గర పడుకున్నాం. తాతయ్య మీద కోపంతో నేను ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ నా పక్కన కూర్చోవడం మానలేదు.

పోయిన ఏడు మా అల్లుడు పెందుర్తిలో తను పనిచేసే చోట ప్రమాదంలో చనిపోయాడు. నా కూతురి పాపకు, నాన్న క్యాంపుకెళ్ళాడని చుట్టాలు చెప్పారు. పాప రోజూ గేటు దగ్గర నిలబడేది. నాకు తాతయ్య ముఖం గుర్తొచ్చింది. కన్నకొడుకు చావును తన నోటితో పలకడానికి ఆయనకెంత బలం కావలసి వచ్చిందో అప్పుడు అర్థమైంది. పాపను దగ్గర కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను.

పాప నా ముఖంలోకి చూసింది. తర్వాత, "అమ్మకి తెలుసా?" అని అడిగింది.

"తెలుసమ్మా" అన్నాను.

పాప లేచి, తలుపేసుకుని ఏడుస్తున్న వాళ్ళమ్మ గదివైపు నడిచింది.