కుడికాలు మడిచిన పాంటు

నా కొడుకు పోయి ఈరోజుకు పందొమ్మిది రోజులు. ధర్మవరంలో చాలామందికి ఈ సంగతి మా మగ్గాల వీధి మొదట్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ చూసి తెలిసింది. హిందూపురం, పెనుకొండ వైపు నేతగాళ్లకు ఫోన్లలో తెలిసింది. జకార్డు బాగుచేసే మనిషి ఇక రాడని ఒకరికొకరు చెప్పుకున్నారు. జకార్డు అంటే మగ్గం పైన ఉండే పెట్టె. చీర అంచులో నెమళ్లూ హంసలూ అదే పుట్టిస్తుంది. అది మొరాయిస్తే నేత ఆగిపోతుంది. నా కొడుకు పోయి దాన్ని కదిలించేవాడు. వాడి గుండె మొరాయిస్తే కదిలించేవాళ్లు లేకపోయారు. వాడి నాయనకూ ఆ వయసులోనే అట్లాగే ఆగింది.

ఆ ఫ్లెక్సీ చూసినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. మాటలు నావి, అక్షరాలు మనవరాలు దిద్దింది.

ఆ ఫ్లెక్సీలో నా కొడుకు ఒక తెల్ల కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఆ కారు వాడిది కాదు. మా ఇంట్లో ఎవరిదీ కాదు. ఫ్లెక్సీ కొట్టేవాడి కంప్యూటరులోది. ఫోటోలో నిజంగా ఉన్నది వాడి సైకిల్. ఎడమచెయ్యి సీటు మీద పెట్టుకుని నిలబడ్డాడు. మా అల్లుడు దగ్గర కూర్చుని సైకిల్‌ను చెరిపించి, కారును తెప్పించి పెట్టాడు.

"సైకిలేమాయనప్పా?" అని అడిగాను.

"తీసేయించినాలే అత్తా. నలుగురు పెద్దోళ్లు వస్తారు, చూస్తారు. పోయినోనికి మర్యాదగా ఉండాల కదా."

"బతికినన్నాళ్లూ లేని కారు, పోయినాక యాడ నుంచి వచ్చెనప్పా?"

"గమ్మునుండత్తా. అందరూ శానా బాగుండాదంటాండారు."

ఏం బాగుంది? వాడి చెయ్యి గాల్లో వేలాడుతోంది. సీటు పోయింది కదా, కారుకు ఆ చెయ్యి అందలేదు. ఇంకొకటి మా అల్లుడూ చూసుకోలేదు, ఆ ఫ్లెక్సీవాడూ చూసుకోలేదు. నా కొడుకు పాంటు కుడికాలు నాలుగు వేళ్లు పైకి మడిచి ఉంది, ఎర్ర పట్టు పోగుతో కట్టి ఉంది. కారున్నవాడు ఎవడైనా పాంటు ఒక కాలు మడుచుకుని తిరుగుతాడా? ఆ వీధిలో మీరు పోయేటప్పుడు కారును చూడొద్దు. ఆ కుడికాలు చూడండి. అదొక్కటే నిజం.

పాంటు చైన్లో పడకుండా వాడు చిన్నప్పటి నుంచీ అట్లా మడిచేవాడు. క్లిప్పులు దొరుకుతాయి, కొనుక్కోరా అంటే వినేవాడు కాదు. మగ్గం కింద పడిన పట్టు పోగు ఒకటి ఏరుకుని చుట్టుకునేవాడు. "కారున్నోళ్లు పెండ్లికి కడతారు పట్టు. నేను దినామూ కడతా, అదీ కాలికి," అని నవ్వేవాడు. ఎంత రుద్దినా కుడి చీలమండ పైన చైను గ్రీసు నల్లగీత పోయేది కాదు. చివరి స్నానంలో కూడా పోలేదు.

ఇప్పుడు మా వీధిలో కార్లు వచ్చాయి. రెండు మగ్గాలు పట్టే జాగాలో ఒక కారు పడుకుంటుంది. దానికి రాత్రీ పగలూ దుప్పటి. కుళాయి రెండు రోజులకొకసారి వస్తే, మొదటి బిందె దానికి స్నానం. వారానికొకసారి దాన్ని లేపి, గుడికి తీసుకుపోయి, మళ్లీ తెచ్చి పడుకోబెడతారు. వీధి చివర అంగడికి అరవై అడుగులు. కొత్తిమీర కట్ట కోసం కారు తీసినవాడిని నేను ఈ కళ్లతో చూశాను. రానూపోనూ తిప్పుకోవడానికే వాడికి పావుగంట పట్టింది. అంతలో నేను నడుచుకుంటూ పోయి, కొత్తిమీర తెచ్చి, పచ్చడి నూరేశాను.

మావాళ్లు పొద్దున్నే పట్టు పడుగును వీధి పొడవునా సాగదీసి, తెగిన పోగులు అతుకుతారు. ఎండ ముదిరేలోపు ఆ పని అయిపోవాలి. కారువాడు ఆ పడుగు ముందర ఆగి హారన్ కొడతాడు. హారన్‌కు పోగులు అతుక్కుంటాయా? నా కొడుకు అయితే సైకిల్ దిగి, భుజానికెత్తుకుని, గోడవార నడిచిపోయేవాడు. "పడుగున్నంతసేపూ వీధి పడుగుదిమా. మనం దావ అడుక్కొని పోవాల," అనేవాడు.

వాడికి మూడు ఊళ్లలో మూడు సైకిళ్లు ఉండేవి. ధర్మవరంలో ఒకటి, పెనుకొండ స్టేషన్ దగ్గర ఒకటి, హిందూపురంలో ఒకటి. మూడూ పాతవే, తనే విప్పి బిగించుకున్నవి. ప్యాసింజరు రైల్లో పోయి, దిగిన చోట సైకిల్ తీసుకుని, పల్లెలన్నీ తిరిగి పని చూసుకుని వచ్చేవాడు. దీని మీద ఊళ్లో ఎంత వెటకారమో. "ఏమబ్బా, మూడూర్లలో మూడు సైకిళ్లేనా, మూడు సంసారాలా?" అని మా అల్లుడే పదిమందిలో అడిగాడు. "సంసారమైతే ఒకటే బావా. అదీ నీ చెల్లెలు మాదిరి గట్టిది కాబట్టి నడుస్తాండాది," అన్నాడు నా కొడుకు. లోపల నుంచి నా కోడలు, అంటే అల్లుడి చెల్లెలే, గరిటెతో పళ్లెం మీద కొట్టింది, వినపడిందని.

ఆయుధపూజకు అల్లుడు కారుకు గుమ్మడికాయ కొట్టేవాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాడు. నా కొడుకు ఒకే నిమ్మకాయ తెచ్చి నాలుగు ముక్కలు కోసేవాడు. మూడు సైకిళ్లకు మూడు ముక్కలు, నాలుగోది మజ్జిగలోకి.

ఒక ఎండాకాలం పెనుకొండ దగ్గర అల్లుడి కారు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. నా కొడుకు ఆ దారిలోనే వచ్చి, బావను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని మెకానిక్ దగ్గరకు తీసుకుపోయాడు. అల్లుడు మెకానిక్ అంగడి వచ్చేదాకా ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడట. ఎండకు కాదు. ఎవరైనా చూస్తారని.

ఇంతసేపూ కార్లను తిడుతున్నాను. తిట్లలో నా వాటా నేను తీసుకోవాలి.

రెండేళ్ల కింద హిందూపురంలో అల్లుడి బంధువుల పెళ్లి. నన్ను కారులో ఎక్కించుకున్నారు. కొత్త చీర, చల్లని గాలి, మెత్తని సీటు. పక్కన అల్లుడి పెద్దమ్మ. నా కొడుకు రైల్లో వస్తానన్నాడు. హిందూపురం బజారులో బండ్లన్నీ ఆగిపోయాయి. కిటికీ పక్కనే ఒక సైకిల్ ఆగింది. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఆ పెద్దమ్మ వేలు పెట్టి చూపించింది.

"వాని అవతారం చూడు వదినా! ఒక కాలు యెత్తి కట్టినాడు, పందెం కోడి మాదిరి!"

వెనుక నుంచి ఆమె నా కొడుకును పోల్చుకోలేదు. కారులో అందరూ నవ్వారు. అల్లుడు గుర్తుపట్టి ముఖం అటు తిప్పుకున్నాడు. నేనూ గుర్తుపట్టాను. నా కడుపున పుట్టినవాడి వీపు నాకు తెలియదా?

నేనూ నవ్వాను.

వాడు నా కొడుకని ఒక్క మాట అంటే ఏం పోయేది? ఆ సీటు మెత్తదనం నా నోరు మూసింది. కారు అంత చెడ్డదని నాకు ఆరోజు తెలిసింది. నేనూ అంత చెడ్డదాన్నని కూడా.

సైకిల్ సందుల్లో దూరి పోయింది. మేము మండపం చేరి, కారు పెట్టే చోటు కోసం మూడు చుట్లు తిరిగి దిగేసరికి, వాడు గుమ్మం దగ్గర పాంటు మడత దించుకుంటూ ఉన్నాడు. నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"అమ్మా, బజార్లో నిన్ను చూసినా. కార్లో నగుతాంటివి. శానా దినాలకు నువ్వు నగుతాంటే చూస్తినిమా," అన్నాడు.

ఆ నవ్వు ఎందుకో వాడికి నేను చెప్పలేదు. చెబుదామనుకుంటూనే రెండేళ్లు గడిపాను. ఇప్పుడు చెప్పినా వినేవాడు లేడు.

వాడు పోయిన రోజు పొద్దున్నే ఛాతీలో నొప్పి వచ్చింది. కోడలు అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. వాళ్లు పాపం తొందరగానే వచ్చారు. వీధి మొదట్లో దుప్పటి కప్పుకున్న కారు ఒకటి అడ్డంగా పడుకుని ఉంది. తాళం ఏదంటే, కారాయన హిందూపురంలో గృహప్రవేశానికి పోయాడన్నారు. ఎట్లా పోయాడయ్యా? ఇంకొకరి కారులో పోయాడట! ఒక కారు నిద్రపోవడానికి, ఇంకొకటి తిరగడానికి.

అంబులెన్స్‌వాళ్లు అక్కడ స్ట్రెచర్ దించుతున్నారు. నా కొడుకు గోడకు ఆనించిన సైకిల్ వైపు చెయ్యి చూపించాడు. మాకూ ఆగే ఓపిక లేదు. క్యారియర్ మీద కూర్చోబెట్టాం. కోడలు హ్యాండిల్ పట్టి నడిపించింది. నేను వెనుక నుంచి వాడి నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. వాడికి సైకిల్ నేర్పింది వాళ్ల నాయన. అప్పుడు కూడా నేను ఇట్లాగే వెనుక పట్టుకుని పరిగెత్తాను.

వీధిలో పడుగు సాచి ఉంది. ఆకుపచ్చ పట్టు. నేతగాళ్లు మమ్మల్ని చూశారు. కింద ఉన్న ఊతకర్రలు పట్టుకుని అందరూ ఒక్కసారిగా పడుగును తలల పైకి ఎత్తారు. ఒక్క పోగు తెగకుండా చూసుకునే మనుషులు, ఎన్ని తెగినా చూడలేదు. దాని కింద నుంచి పోయాం. పడుగును ఎత్తొచ్చు. తాళం వేసిన కారును ఎవడు ఎత్తుతాడు?

ఆ పట్టు కింద పోతుండగా నా కొడుకు నా కొంగు పట్టుకుని లాగాడు. నొప్పితో అనుకుని వంగాను.

"అమ్మా, కొంగు... చక్రంలో పడతాది," అన్నాడు.

అదే చివరి మాట. ఆసుపత్రి దారిలో పోయాడు. కారు అడ్డం లేకుంటే బతికేవాడని డాక్టరు అనలేదు, నేనూ అనను. కానీ ఆ కారాయన పరామర్శకు వచ్చి, "సైకిలు తొక్కేటోళ్లకు గుండెజబ్బు రాదంటారే, మరి ఇదేందిమా?" అన్నాడు. ఆయన చెప్పుల వైపు చూశాను. అరిగినట్టే లేవు.

పదో రోజు పెనుకొండ నుంచి టీ అంగడి ఆమె వచ్చింది.

"అమ్మా, అన్న సైకిలు తాళం మా అంగట్లో మేకుకే ఉండాది. అన్న రాని దినాల్లో రైలు దిగినోళ్లకు ఎవరికి పనిపడితే వాళ్లు తీసుకపోతాండ్రి. మళ్లా ఆడనే తగిలిస్తాండ్రి. అన్నే అట్ల చెప్పినాడు. ఇప్పుడేం చేయమంటావు?"

"ఆడనే ఉండనీ తల్లీ," అన్నాను.

"ఎవడన్నా ఎత్తుకపోతాడత్తా. పాత ఇనుముకు వేసేద్దాం," అన్నాడు అల్లుడు.

"ఇన్నేండ్లూ ఎవరూ ఎత్తుకపోలేదప్పా. నీ కారు తాళం ఒక్కదినం ఆ మేకుకు తగిలించు, చూద్దాం."

అల్లుడి చెయ్యి వెంటనే జేబు మీదికి పోయింది. తాళం ఉందో లేదో చూసుకున్నాడు.

పదకొండో రోజు ఫోటో ముందర వాడికి ఇష్టమైనవి పెట్టాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, ఒక గ్లాసు మజ్జిగ. కొత్త బట్టలు అల్లుడు తెచ్చాడు. ఆ మాత్రం మనసు ఉంది, కాదనను. మంచి పాంటు, కత్తిలాంటి ఇస్త్రీ. ఇల్లంతా చుట్టాలు. కార్లలో వచ్చినవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. అల్లుడి పెద్దమ్మ కూడా వచ్చింది.

నేను లేచి ఫోటో ముందరకు పోయాను. అక్కడ పెట్టిన కొత్త పాంటు మడతలు విప్పి, కుడికాలు నాలుగు వేళ్లు పైకి మడిచాను. వాడి పాత పాంటు నుంచి తీసి దాచుకున్న ఎర్ర పట్టు పోగుతో ముడి వేశాను.

"అదేంది వదినా, ఇస్త్రీ అంతా చెడిపోతాది!" అంది ఆ పెద్దమ్మ.

"వాడు నా కొడుకమ్మా," అన్నాను. రెండేళ్లు ఆలస్యంగా, అందరికీ వినపడేటట్టు. "ఆ పొద్దు హిందూపురం బజార్లో ఒక కాలు యెత్తి కట్టినోడు, నా కొడుకు. మడవకపోతే చైన్లో పడతాది."