చెరపకూడని గీతలు

సాయంత్రమయ్యేసరికి ఆవిడ చెయ్యి పాత టూత్‌బ్రష్ కోసం దానంతటదే వెళ్ళేది. దుకాణం నుంచి వచ్చిన ఆయన చొక్కా విప్పి కుర్చీ మీద పడేస్తే, జేబు దగ్గరా మోచేతుల దగ్గరా అంటిన సుద్ద మరకల్ని ఒక్కటి మిగలకుండా రుద్దడం ఆవిడ పని.

"చొక్కా ఉతుకుతున్నావా, పగ తీర్చుకుంటున్నావా?" అనేవాడాయన.

ఇప్పుడూ సాయంత్రాలు వస్తున్నాయి. సుద్ద మరకలే రావడం లేదు. బ్రష్ సబ్బుపెట్టె పక్కన ఎండిపోయి పడి ఉంది.

ఆయన టైలరు. వీధిలో అందరికీ "అరంగుళం". ఏది కుట్టినా లోపల అరంగుళం గుడ్డ ఎక్కువ వదిలేవాడు. "రేపు లావైతే విప్పుకోవచ్చు" అని మొహం మీదే చెప్పేవాడు. కాస్త ఒళ్ళున్నవాళ్ళు మూతి ముడుచుకుని వెళ్ళేవారు, మరుసటేడు విప్పించుకోవడానికి నవ్వుకుంటూ వచ్చేవారు.

అలాంటి మనిషి తన ప్యాంట్లు తనే బిగించుకోవడం మొదలుపెట్టాడు. ముందు నడుం తగ్గింది, తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లనుకున్నారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. కడుపు వెనకాల పాంక్రియాస్ అని ఒక గ్రంథి ఉంటుందట, అందులో క్యాన్సరు గడ్డ.

"అయితే కోసి తీసెయ్యండమ్మా" అంది ఆవిడ.

"ఇప్పుడే కొయ్యకూడదమ్మా. గడ్డ పక్కనున్న రక్తనాళాన్ని పట్టుకుని ఉంది. కోసినా కొంత లోపలే మిగిలిపోవచ్చు. ముందు కీమో మందు, దాంతోపాటే రేడియేషను ఇస్తాం. గడ్డ తగ్గి నాళాన్ని వదిలితే అప్పుడు ఆపరేషను."

"వదలకపోతే?"

"కొయ్యలేం. మందులతోనే నెట్టుకురావాలి."

ఆయనకి మాత్రం పరాయి ఊళ్ళో తెలిసినవాడు కనబడినట్టు మొహం వెలిగింది.

"అంటే ముందు తడిపి, కుదించి, ఆ తర్వాత కత్తెరన్నమాట!"

"మీ గుడ్డల గోల ఇక్కడా మొదలెట్టారా?" ఆవిడ మోచేత్తో పొడిచింది.

"మరేవిటే? కొత్త గుడ్డ తడపకుండా కత్తిరిస్తే ఒక్క ఉతుక్కే పొట్టిదైపోదూ?"

డాక్టరమ్మ నవ్వేసింది. "అచ్చం అలా కాదు గానీ, మీకలా అర్థమైతే అలాగే అనుకోండి."

ఇంటికొచ్చి కూతురికీ, సగం వీధికీ అదే పాఠం చెప్పాడు. "కరెంటు పెడుతున్నారటగా?" అని రేడియేషను సంగతి ఎత్తి ఎవరైనా జాలిపడితే, "అవును, ఇంక వీధిలో కరెంటు పోతే దీపానికి మా ఇంటికి రండి" అనేవాడు.

రేడియేషను గదిలో మిషను దగ్గరి అమ్మాయి ఆయన్ని పడుకోబెట్టి, కొలతలు తీసి, పొట్ట మీదా పక్కల మీదా నీలం సిరాతో గీతలు పెట్టింది. "ఈ గుర్తులు చెరపకూడదు. వీటిని చూసే మిషను గురిపెడతాం" అంది. ఆవిడ బుద్ధిగా తల ఊపింది.

తల ఊపితే సరిపోయిందా, చేతికి తెలియొద్దూ? మర్నాడు ఆయనకి నీళ్ళు పోస్తుంటే, ఆయనేమో ఒక కస్టమరు ముచ్చట చెప్పి నవ్విస్తున్నాడు, ఆవిడేమో వింటూ సబ్బు రుద్దుతోంది. మనిషి మీద గీత కనబడితే రుద్దెయ్యడం ఏళ్ళ తరబడి అలవాటు. తువ్వాలు నీలంగా కనబడేదాకా ఇద్దరికీ తెలియలేదు. ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆస్పత్రిలో ఆ అమ్మాయి తల పట్టుకుంది. "ఎవరు కడిగేశారండీ?"

"నేనే తోముకున్నానమ్మా" అన్నాడాయన, ఆవిడ నోరు తెరిచేలోపే. "మా ఇంట్లో సబ్బు మహా గట్టిది."

"మళ్ళీ కొలతలు తియ్యాలి, తెలుసా?"

"తియ్యి తల్లీ. నేను ఎంతమందికి తియ్యలేదు!"

ఆ రోజు నుంచి ఆవిడ ఆ గీతలకి కాపలా కాసింది. తడిగుడ్డతో గీతల చుట్టూతా తుడిచేది, గట్టు దాటని నీళ్ళలాగా. మందుల పుణ్యమా అని ఏం తిన్నా సూది చప్పరించినట్టే ఉందనేవాడు. నీరసం వస్తే దుకాణంలో కత్తిరింపు బల్ల కింద నడుం వాల్చేవాడు, కాళ్ళు మాత్రం బయటికి ఉండేవి. కస్టమర్లు ఆ కాళ్ళతోనే బేరమాడేవారు.

కోర్సు అయ్యాక కొన్ని వారాలు ఆగి స్కాను తీశారు. డాక్టరమ్మ గదిలోకి వెళ్ళగానే ఆవిడ కూర్చోకుండానే అడిగింది, "వదిలిందా?"

"వదిలిందమ్మా."

ఆవిడ అప్పుడు కూర్చుంది. ఆయన వైపు చూస్తే, మనిషి టేపు మెళ్ళో లేకపోయినా మెడ తడుముకుంటున్నాడు.

ఆపరేషనైంది. సగం మనిషై ఇంటికొచ్చాడు, మెల్లిగా ముప్పావు మనిషయ్యాడు. మళ్ళీ కత్తెర పట్టాడు. కూతురికి కోటు కుట్టి, లోపల అరంగుళం వదిలి, తిట్లు తిన్నాడు. ఆవిడ బ్రష్‌కి మళ్ళీ పని దొరికింది.

ఆ తర్వాత జబ్బు ఇంకో దారిన, కాలేయంలోకి వచ్చింది. ఈసారి కుదించి కత్తిరించే వీలు లేకపోయింది. ఆయన వెళ్ళిపోయాడు.

మొన్న కూతురొచ్చి బీరువా సర్దుతూ ఒక బనీను బయటికి తీసింది. చెమటకి ఒంటి మీది సిరా అంటుకుని, పొట్ట దగ్గర నీలం గీతలు.

"అమ్మా, ఇది సబ్బులో నానెయ్యనా? నువ్వు రుద్దితే ఇట్టే పోతుంది."

ఆవిడ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. బనీను అందుకుంది. గీతలు పైకి కనబడేలా మడిచి మళ్ళీ బీరువాలోనే పెట్టింది.

"వద్దే. చెరపొద్దని చెప్పారుగా."