రెక్కల షాటుకు రావలసిన శాలువా

కోవిడ్ ఆంక్షలు సడలి, మళ్లీ అందరం ఆఫీసులకు వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది నన్ను మా స్టూడియోలో కంపోజిటింగ్ విభాగానికి సూపర్‌వైజర్‌ని చేశారు. సింగపూర్‌లో సినిమాలకు పోస్ట్ ప్రొడక్షన్ పని చేసే మధ్యరకం సంస్థ మాది. కంపోజిటింగ్ అంటే, నటుణ్ణి ఒకచోట, నీళ్లను ఇంకోచోట తీసి, కోటను కంప్యూటర్లో కట్టి, అన్నింటినీ ఒకే ఫ్రేములో అతుకు కనిపించకుండా కూర్చడం. అతుకు కనిపించిందా, తిట్లు మాకు. కనిపించలేదా, పొగడ్తలు హీరోకి. ఇరవై ఏళ్ల పైచిలుకు అలాగే బతికాను, దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఈ సంగతి వేరు.

సూపర్‌వైజర్‌గా నా చేతికొచ్చిన మొదటి ప్రాజెక్టు పేరు చెండోల్. సినిమా వివరాలు బయటికి పొక్కకుండా ప్రతి పనికీ ఒక మారుపేరు పెట్టడం మా రంగంలో ఆనవాయితీ. మా స్టూడియోలో హాకర్ సెంటర్లలో, అంటే ఇక్కడి చవక భోజనశాలల్లో, దొరికే తిండి పేర్లు పెట్టేవారు, లక్సా అయిపోయాక చెండోల్ వచ్చింది. అసలు సినిమా విదేశంలో తీసిన పెద్దల చిత్రం. ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. ఉప్పు సరస్సు అడుగున మునిగిపోయిన ఒక రాజ్యం, దానికి రాజు, ఆ రాజుకొక అంగరక్షకుడు. నిన్ను ప్రేమిస్తున్నానని రాజు నోరు తెరిచి చెప్పిన నాడు అంగరక్షకుడి వీపున రెక్కలు మొలుస్తాయి. ఇద్దరూ నీళ్లు చీల్చుకుని పైకొస్తారు.

ఇక్కడి చట్టం అశ్లీల చిత్రాలను తీయడాన్నే కాదు, దగ్గర ఉంచుకోవడాన్నీ ఒప్పుకోదు. అందుకని ఒప్పందంలోనే రాసుకున్నాం. పడక సన్నివేశాల ఫ్రేము ఒక్కటి కూడా మా సర్వర్‌కు రాకూడదు. కోట, సరస్సు, రెక్కలు ఉన్న షాట్లు మాత్రమే వచ్చేవి. ఏమీ కలపని అసలు ఫుటేజీని మేం ప్లేటు అంటాం. వచ్చిన ప్రతి ప్లేటునూ ముందు నేను చూసి, ఆ తరువాతే ఆర్టిస్టులకు పంచేదాన్ని. పని మొదలుకాక ముందే అందరినీ కూర్చోబెట్టి ఇది ఫలానా రకం సినిమా అని చెప్పాను, ఇష్టం లేనివాళ్లు తప్పుకోవచ్చన్నాను. ఒకమ్మాయి తప్పుకుంది. మిగిలినవాళ్లు చేస్తామన్నారు గానీ టైటిల్స్‌లో దొంగపేర్లు వేయమన్నారు. శేఖర్ ఒక్కడే సొంత పేరు వేయమన్నాడు.

శేఖర్‌ది నర్సీపట్నం. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద వచ్చిన సీనియర్ కంపోజిటర్, ముప్ఫై దాటినవాడు, మాట తక్కువ మనిషి. ఇంకోసారి ఆలోచించుకోవయ్యా అన్నాను.

“ఇంటిపేరుతో సహా ఏసియండక్కా. ఇన్నాళ్లూ ఫైటింగుల్లో హీరోల నడుముకి కట్టిన తీగలు చెరపడమే కదా నా పని? చెరిపినదానికి పేరేటి? ఇది నేను కట్టేది,” అన్నాడు.

కట్టాడు కూడా. నీళ్లలోంచి లేచిన రెక్క తేలిగ్గా విచ్చుకోకూడదని, ముందు తడి బరువుకు వేలాడి, వణికి, ఆ తరువాతే తెరుచుకోవాలని అతని పట్టుదల. పుంగ్గోల్‌లో తను ఉండే ఫ్లాట్‌కు దగ్గర్లోనే నీటి ఒడ్డు. నీటికాకులు అక్కడ రెక్కలు ఆరబెట్టుకుంటుంటే ఫోన్లో తీసుకొచ్చి, ఒక్కో ఈకనూ దాంతో పోల్చి దిద్దేవాడు. క్లయింటు తిప్పి పంపిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది, అతనికి మండేది కాదు. చివరి వెర్షన్ రివ్యూ గదిలో తెర మీద వేసినప్పుడు మళ్లీ మొదట్నుంచి వేయమని అందరూ అడిగారు. నా సర్వీసులో అంత మంచి షాటు నా విభాగం నుంచి మళ్లీ వెళ్లలేదు.

మరుసటి ఏడు ఆ సినిమాకు విదేశంలో, పెద్దల చిత్రాలకు ఇచ్చే పురస్కారాల్లో, విజువల్ ఎఫెక్ట్స్ అవార్డు వచ్చింది. జ్ఞాపిక నిర్మాతలకు వెళ్లింది, మాకు ఒక ఈమెయిల్ వచ్చింది. మా వెబ్‌సైట్లో దాని ఊసెత్తకూడదని యాజమాన్యం తేల్చేసింది. సరే, వాళ్లది వ్యాపారం అనుకున్నాను.

శేఖర్ పుంగ్గోల్‌లో ప్రకాశ్‌రావు గారి ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. ఆయన మా చిన్న తెలుగు సంఘానికి కార్యదర్శి, ఆ సంఘంలో నేనూ సభ్యురాలినే. అవార్డు ఈమెయిల్ వచ్చిన సాయంత్రం భోజనాల దగ్గర, పట్టలేని సంతోషంలో, నా రెక్కల షాటుకు అవార్డొచ్చిందంకుల్ అని శేఖర్ చెప్పాడట. కథేంటని అడిగారాయన. రాజు, అంగరక్షకుడు, మునిగిన కోట, రెక్కలు అని చెప్పాడు, అంతకు మించి చెప్పలేదు. ప్రకాశ్‌రావు గారు పాత జానపద సినిమాలంటే చెవి కోసుకునే మనిషి. “అయితే మన జానపదమేనయ్యా! ఉగాదికి నీకు సన్మానం చేయకపోతే మేమెందుకు?” అన్నారట.

వద్దంకుల్ అన్నాడు శేఖర్. ఆయన నవ్వారు. నిజంగానే వద్దంకుల్ అన్నాడు. ఆయన ఇంకా ముచ్చటపడ్డారు. మనవాళ్లలో వద్దన్న మాటకు విలువెక్కడ ఏడ్చింది? విస్తట్లో చేయి అడ్డం పెట్టినా గరిటె ఆగదు. వద్దన్నవాడికి మొహమాటమని, ఇంకాస్త బలవంతం చేయాలని మనకు చిన్నప్పుడే నేర్పుతారు. ఆ వారాంతానికే శేఖర్ ఫోటోతో, ‘అంతర్జాతీయ పురస్కార గ్రహీత’ అని, ఆహ్వానం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది.

సన్మానానికి ముందు గ్రహీత పనిని తెర మీద చూపించడం ఆ సంఘం పద్ధతి. కమిటీలో ఒకాయన ఆ బిట్టు కోసం శేఖర్ పేరు కొట్టి వెతికాడు. ఇంటిపేరుతో సహా దొరికింది, అది ఎలాంటి సినిమానో కూడా తెలిసిపోయింది.

ఆదివారం పొద్దున్నే ప్రకాశ్‌రావు గారు నాకు ఫోన్ చేసి అర్జెంటుగా తమ ఇంటికి రమ్మన్నారు. నేనుండేది బిషాన్. రెండు ట్రైన్లు మారి వెళ్లేసరికి హాల్లో కమిటీ మొత్తం కూర్చుని ఉంది, శేఖర్ గోడ పక్క నిలబడి ఉన్నాడు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. నాకు అక్కడే తిక్క రేగింది. ఛీ ఛీ, మేం ఆ సినిమా చూడనైనా చూడలేదమ్మా అన్నది ప్రతివాళ్లూ నాతో మొదట చెప్పిన మాట. ఆ తరువాత రాజు ఏం చేశాడో, ఆ గుహలో ఏం జరిగిందో చెప్పుకుని చెంపలేసుకున్నారు. ఆ గుహ సీను మా స్టూడియోకు రానే లేదు. అదొకటుందని నాకే అప్పుడు తెలిసింది.

నన్ను పిలిచిన పని ఏమిటంటే, టైటిల్స్‌లో ఉన్న శేఖర్ మరో మనిషి అని అతని సూపర్‌వైజర్‌గా నేను చెప్పాలి. నేను చెప్పనన్నాను. ఆ పేరు పంపింది నేనే, ఆ పని చేసింది ఇతనే, మీ చేత సన్మానం చేయించుకునేటంత పని అది అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయదగినవి కావు.

అప్పుడు ప్రకాశ్‌రావు గారు శేఖర్ వైపు తిరిగారు. ఆయన గొంతు మెత్తగానే ఉంది. “తెలియక చేశానని ఒక్క ముక్క చెప్పు బాబూ. శాలువా మాట నేను చూసుకుంటా. నీ గదీ నీకుంటుంది. ఆంటీకి నేను చెప్పుకుంటా,” అన్నారు.

ఒక్క ముక్క. అబద్ధమే, కానీ చెబితే పరువూ, గదీ, గౌరవమూ అన్నీ దక్కుతాయి. చెప్పేస్తాడేమోనని నాకు భయం వేసింది. చెప్పి బతికిపోతే బాగుండునని కూడా అనిపించింది.

“తెలిసే చేశానంకుల్,” అన్నాడు శేఖర్. “నాలాంటోళ్లు ప్రేమించుకుంటే రెక్కలొచ్చే కథ ఇంకెక్కడ దొరుకుద్దండి నాకు? అందుకే చేశాను. అందుకే పేరేయించుకున్నాను.”

ఇన్నాళ్లూ అతనికి ప్రేమగా పెరుగన్నం కలిపి పెట్టిన ప్రకాశ్‌రావు గారి భార్య లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది. నెలాఖరుకు గది ఖాళీ చేయమని ఆమె చేతే కబురు చేయించారు, ఆయన నోటితో చెప్పలేక.

మర్నాడు గ్రూపులో సంఘం సవరణ పెట్టింది. పేర్లు కలవడం వల్ల పొరపాటు జరిగిందనీ, పురస్కారం అందుకున్న వ్యక్తికీ మన సభ్యుడికీ సంబంధం లేదనీ దాని సారాంశం. కింద వరసగా దణ్ణం బొమ్మలు పడ్డాయి. నేను రాసిన జవాబును క్షణాల్లో తీసేసి, నన్ను గ్రూపులోంచి తప్పించారు. శేఖర్ అది చదివి నవ్వాడు. “నేనుండగానే ఇంకో శేఖర్‌ని పుట్టించేశారక్కా,” అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

శాలువా మాత్రం వృథా కాలేదు. ఉగాది వేదికకు లైట్లు స్పాన్సర్ చేసిన ఇళ్ల ఏజెంటుకు కప్పారు. శేఖర్ జురాంగ్ వెస్ట్‌లో ఒక చైనీస్ ముసలాయన ఫ్లాట్‌లో గది చూసుకున్నాడు. అతనికి ఈ ఊళ్లోనే స్థిరపడాలని ఉండేది, పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, పెట్టుకోవాలనుకున్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఏడాది తిరక్కుండానే, తన పనితనపు నమూనా వీడియోలో, మా భాషలో షోరీల్‌లో, రెక్కల షాటునే ముందు పెట్టి చూపించి, బ్యాంకాక్‌లో లీడ్ ఉద్యోగం తెచ్చుకుని వెళ్లిపోయాడు. న్యాయం జరిగిందని సంతోషించడానికి ఇందులో ఏమీ లేదు. వెళ్లాల్సింది అతను కాదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది పెద్దదేమీ కాదు. తెర మీద పేరు పడటమే మా వృత్తిలో కష్టమని అనుకునేదాన్ని. పడిన పేరు నాదేనని మనవాళ్ల మధ్య నిలబడి చెప్పడం దానికన్నా కష్టం. ఆ సినిమాకు పని చేసినవాడు తన పేరు చెప్పుకున్నాడు, చూసినవాళ్లు ఇప్పటికీ చూడలేదనే అంటున్నారు.