అన్న పంపిన టెస్ట్ మెయిల్

మా ఇంటర్నెట్ సెంటర్ అన్న పోయిండు. మొన్న పొద్దున హాస్టల్ల పండ్లు తోముకుంటుంటే రూమ్మేట్ వచ్చి చెప్పిండు. గుండెపోటట. బ్రష్ నోట్లనే ఉన్నది, నేను మెట్ల మీద కూసున్న.

మీలో అశోక్ నగర్‌ల ఉండి పరీక్షలకు చదివినోళ్లుంటే ఆయనను చూసే ఉంటరు. చిక్కడపల్లి లైబ్రరీ నుంచి వచ్చే తొవ్వల, రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను పట్టేంత దుకాణం. ఎవరొచ్చినా "కూసో తమ్మి, పరేషాన్ గాకు" అనేటోడు. నేను మాత్రం పరేషాన్ లేకుండ ఆ దుకాణం ఎన్నడూ ఎక్కలే.

ఒక దినం సంగతి చెప్త. నా హాల్‌టికెట్ల పుట్టిన సంవత్సరం తప్పు పడ్డది. వయసు దాటిపోయినట్టు చూపెడ్తుంది. నాకు అదే ఆఖరి అవకాశం, నాయిన సెంట్రింగ్ పని చేసి చదివిస్తుండు. సవరించమని పరీక్ష ఆఫీసుకు అర్జీ నారాయణగూడల డీటీపీ సెంటర్ల టైపు చేయించి, ఆ కంప్యూటర్ల నుంచే మెయిల్‌లకు కాపీ కొట్టి పంపిన. ఊర్ల నుంచి వచ్చినోళ్లం అందరం అట్లనే చేస్తం, డీటీపీ అచ్చు అందంగ ఉంటదని. మధ్యాహ్నం జవాబొచ్చింది. మీ మెయిల్ల గుర్తులు తప్ప అక్షరాల్లేవు, అటాచ్‌మెంట్లు తీసుకోము, సాయంత్రం అయిదు లోపల సాదా టెక్స్ట్‌ల మళ్ల పంపండి అని. నేను దాన్ని చూసేసరికి నాలుగు దాటింది.

ఉరికిన. అన్న దుకాణంల ఆ జవాబు తెరిచి చూపెట్టిన. అన్న నవ్వలే, తిట్టలే. ఆ పాత ఫాంటు డీటీపీ కంప్యూటర్ల ఉన్నది, ఆఫీసోళ్ల దగ్గర లేదు, అందుకే వాళ్లకు పిచ్చి గీతలు కనవడుతున్నయని చెప్పిండు. లైన్ల ఉన్నోళ్లను జర ఆగుమన్నడు. నేను చదువుతుంటే మొత్తం ఏ కంప్యూటర్లనైనా కనవడే యూనికోడ్‌ల కొత్తగ కొట్టిండు. అయిపోంగనే పంపబోతే నా చెయ్యి పట్టుకున్నడు.

"మన కంప్యూటర్ల మంచిగ ఉంటే ఏం లాభం? చదివేటోని దగ్గర ఎట్లున్నదో అది చూడాలె."

అది ఆయన పద్ధతి. ఏ మెయిలైనా ముందు తనకు తాను పంపుకొని, కౌంటర్ మీదున్న పగిలిన పాత ఫోన్ల తెరిచి చూసేటోడు. ఆ దినం చూస్తే వివరాల పట్టిక చెదిరి, నా పేరు ఒక తాన, తారీఖు ఒక తాన పడ్డయి. పట్టిక తీసేసి ఒక్కో వివరం ఒక్కో లైన్ల పెట్టిండు. మళ్ల పంపుకున్నడు. లైన్ల ముందు పెట్టిన చుక్కలన్నీ ఖాళీ డబ్బాలైనయి. వాటిని చెరిపి అంకెలు వేసిండు. మూడోసారి ఫోన్ నా చేతికిచ్చి మొదటి నుంచి చివరిదాక చదివిచ్చిండు. "ఇగ పంపు" అన్నడు. అయిదుకు నాలుగు నిమిషాలున్నది.

హాల్‌టికెట్ మారింది. ఉద్యోగం మాత్రం రాలే. ఏం మొహం పెట్టుకొని ఆయన దగ్గరికి పోవాలె? వేరే సందు నుంచి తిరుగుడు మొదలువెట్టిన. రెండు నెలలకు ఒక మెయిలొచ్చింది. "తమ్మి, టెస్ట్ మెయిల్. అక్షరాలు మంచిగ వచ్చినయా? ఒక మాట రాయి."

రాద్దాంలే అనుకున్న. రాయలే. నాకు సిగ్గు తప్ప ఇంకేం అడ్డం లేకుండె. నన్ను నేను ఎట్ల మాఫ్ చేసుకోవాల్నో మీరే చెప్పండి.

నిన్న దుకాణం కాడికి పోయిన. సగం ఎత్తిన షటర్ లోపల ఆయన భార్య, మేం అక్క అని పిలిచేటామె, కూసున్నది. ఆ పాత ఫోన్ చార్జింగ్ల ఉన్నది. ఇంకా ఎవరన్నా మెయిల్ పంపుతరేమోనని బంద్ చెయ్యలేదట. మెట్టు మీద కూసొని ఆ మెయిల్‌కు జవాబు రాసిన. మంచిగ వచ్చినయి అన్నా, అని.

కౌంటర్ మీద ఫోన్ మోగింది. అక్క తీసి, పగిలిన అద్దం మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది.

"ఒక్క డబ్బా కూడ లేదు తమ్మి" అన్నది. ఫోన్‌ను మళ్ల చార్జింగ్ల పెట్టింది.