అత్త కొలిచిన శక్తి బిళ్ళ

పులివెందులలో కాలేజీ లెక్చరర్ ఒకాయన మొన్న ఫోన్ చేసి, మా మేనత్త గురించి వాళ్ల సంచికకు రెండు పేజీలు రాసివ్వమన్నాడు. "మేడమ్‌కు ఏమేం అవార్డులొచ్చినాయి సార్?" అని అడిగాడు. నాకు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆమె మాట వల్ల నేను నిండు సభలో ఓడిపోయిన ఆదివారం మాత్రం గుర్తుకొచ్చింది.

మా తాత జమ్మలమడుగులో మిషన్ బడి పంతులు. ఆయన కూతురు ప్రొద్దుటూరులో డిగ్రీ చదివి, దూరపు నగరంలో ఒక పరిశోధనాలయంలో ముప్పై ఏళ్లకు పైగా పరమాణు కేంద్రకాల మీద ప్రయోగాలు చేసింది. మా వీధివాళ్లు ఆమెను బాంబులత్త అనేవారు. నిజానికి ఆమె చేసిన పని, కేంద్రకాలు వదిలే కిరణాలను పట్టే పరికరాలు తన చేత్తో కట్టుకోవడం, పొగలు కక్కే ద్రవ నత్రజని పోసి వాటిని చల్లబరచడం, వచ్చిన కిరణాలను ఓపిగ్గా లెక్కపెట్టడం. ఒకసారి గ్రాఫులో ఎవరూ చూడని చిన్న గుట్ట కనిపించిందట. కొత్త సంగతేనని పై అధికారి సంబరపడి వ్యాసం పంపమన్నాడు. ఆమె పంపకుండా ఎనిమిది నెలలు వెతికి, అది గది గోడల సిమెంటులోంచి వస్తోందని తేల్చింది. వ్యాసం పోయింది, ఆ ఏటి ప్రమోషనూ పోయింది. "సిమెంటు ఫ్యాక్టరీల ఎర్రగుంట్ల పక్కన పుట్టి సిమెంటును గుర్తుపట్టలేకపోయినావా అత్తా" అంటే పడీపడీ నవ్వేది.

ఆమె రిటైరై జమ్మలమడుగు వచ్చిన రోజుల్లో ప్రొద్దుటూరులో ఒక పెద్దమనిషి శక్తి బిళ్ళలు అమ్మడం మొదలుపెట్టాడు. మెడలో వేసుకుంటే మోకాళ్ల నొప్పి నుంచి చక్కెర జబ్బు దాకా పోతాయని ప్రచారం. సభల్లో వాదించడం నాకు అప్పట్లో అన్నం కంటే ఇష్టం. "ఈ బిళ్ళ వట్టి మట్టి. ఇందులోంచి ఏదైనా వస్తుందని చూపిస్తే ఇక వేదిక ఎక్కను" అని కరపత్రం అచ్చువేసి ప్రొద్దుటూరంతా పంచాను, ఆదివారం చర్చకు రమ్మని సవాలు చేశాను. ఆ తర్వాత, ఒక శాస్త్రవేత్త సంతకం కూడా ఉంటే బాగుంటుందని తోచి, బిళ్ళ తీసుకుని అత్త దగ్గరికి పోయాను.

ఆమె కరపత్రం చదివి, "కొలిచినావా?" అంది.

"మట్టిని కొలిచేదేంది అత్తా?"

"మరి ఎట్లా రాస్తివి? నీకూ ఆ అమ్మేటోనికీ తేడా ఏందిరా?"

అరచేతిలో పట్టే కిరణాల మీటరొకటి బల్లమీద పెట్టింది. బిళ్ళను మాత్రం వరండాలోనే ఉంచమంది. రోజంతా ఆ మీటరు అప్పుడొకటి ఇప్పుడొకటి టిక్కుమంటూ ఉంది.

"ఊరక ఉన్న గదిని ఏం కొలుస్తాండావు?" అని విసుక్కున్నాను.

"ఊరక ఉన్న గది యాడా ఉండదు నాయనా. గోడలోంచి వస్తాది, నీ ఒంట్లోంచీ వస్తాది. ముందు దాన్ని లెక్కలోంచి తీసెయ్యాల."

మరునాడు బిళ్ళ పెట్టగానే మీటరు ఆగకుండా టకటకమంది. అత్త అటకమీది పాత పెట్రోమాక్స్ దీపానికి కట్టే గుడ్డ వత్తి, మాంటిల్, తెచ్చి దాన్నీ కొలిచింది. అదీ అలాగే టకటకలాడింది. తర్వాత రెండు రోజులు ఇంకా ఏవో పరీక్షలు చేసి రెండింటిలోనూ ఉన్నది థోరియమనే కిరణాలు వదిలే లోహమేనంది. "మందు కాదు. పగలూ రాత్రీ మెడకు తగిలించుకునేది అసలే కాదు" అని కాగితం మీద అంకెలతో సహా రాసింది.

చర్చ అయ్యేదాకా ఆ కాగితం బయటపెట్టొద్దని బతిమాలాను. నా మాట, నా వేదిక, నా పరువు అన్నీ చెప్పుకున్నాను.

"నువ్వు చదవకుంటే నేనొచ్చి చదువుతా. నీకు ఒక్క ఆదివారం పోతాది, అంతే గదా. నాకు ఎనిమిది నెలలు పోయినాయి."

ఆదివారం సభలో నేనే చదివాను. బిళ్ళలోంచీ మాంటిల్‌లోంచీ ఒకే రకం కిరణాలు వస్తున్నాయన్న మొదటి వాక్యం పూర్తవగానే బిళ్ళల పెద్దమనిషి లేచి, "సూడండప్పా, సైంటిస్టమ్మే ఒప్పుకునింది, శక్తి ఉందంట!" అన్నాడు. చప్పట్లు మోగాయి. వెనక బెంచీలో ఒక దర్జీ లేచి, "అయితే మాంటిల్‌ను మెడకు కట్టుకోమంటావా మామా?" అని అడిగాడు. ఆ ప్రశ్న చప్పట్లలో కలిసిపోయింది. ఆ రోజు బిళ్ళలు ఎప్పటికంటే ఎక్కువే అమ్ముడుపోయాయి. నేను మాట ప్రకారం మళ్లీ వేదిక ఎక్కలేదు.

సోమవారం పొద్దున ఆ దర్జీ తన బిళ్ళ జేబులో వేసుకుని బస్సెక్కి జమ్మలమడుగు వచ్చాడు. అత్త అతన్నీ సాయంత్రం దాకా ఊరక ఉన్న గదిలో మీటరు ముందు కూర్చోబెట్టింది. తర్వాతి వారం అతని వెంట ఇంకో ఇద్దరు వచ్చారు. సభను గెలవడానికి గంట చాలు, నాకు తెలుసు. ఒక మనిషిలో అనుమానం పుట్టి, ఊరిలోకి పాకడానికి ఎంత కాలం పడుతుందో కొలిచే పరికరం మాత్రం అత్త దగ్గర కూడా లేదు.